మూడోసారి తొక్కిన బ్రేకు

రెండు వాగుల మధ్య చిక్కుకున్న మనిషికి చెయ్యడానికి రెండే పనులుంటాయి. ఒకటి ఆకాశాన్ని తిట్టడం, రెండోది పక్కనున్నవాణ్ణి తిట్టడం. ఆకాశం ఎటూ నా మాట వినదు కాబట్టి నేను భానుప్రసాద్‌ని పట్టుకున్నాను.

"ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండానే రిపోర్టు తేల్చేశావా?"

"బ్రేకులు చూడ్డానికి ఇంజిన్ ఎందుకు మేడం?" అన్నాడు టీ ఊదుకుంటూ. "బ్రేకాయిల్ నిండా ఉంది. పైపులు ఎక్కడా కారలేదు. చక్రాలు విప్పించి చూశాను, బ్రేకు షూలు కొత్తవి. బ్రేకులు బాగున్నాయి, డ్రైవరే బాగాలేడు. అంతే, కేసు బంద్."

ఆ డ్రైవరు గ్యారేజీ షెడ్డు గుంజకి కట్టేసి ఉన్నాడు. పేరు సతీష్. అతను నడిపిన ట్రక్కు గుట్ట దిగుతూ మోరీ వంతెన గోడని గుద్దుకుంది. పక్కసీట్లో కూర్చున్న యజమాని రాఘవులు, ఉసూర్‌లో లక్క వ్యాపారి, అక్కడికక్కడే పోయాడు. సతీష్‌కి గీరుడు గాయాలు తప్ప ఏమీ కాలేదు. జనానికి అంతే చాలు. కావాలని యజమానిని చంపి తను తప్పించుకున్నాడన్నారు, నలిగిన బండితోపాటు ఇక్కడికి పట్టుకొచ్చి కట్టేశారు. వాగు తగ్గగానే గుట్ట అవతలి చౌకీ నుంచి పోలీసులు వస్తారు. భానుప్రసాద్ రిపోర్టు వాళ్ల చేతిలో పడితే సతీష్ బతుకు జైల్లో తెల్లారినట్టే.

నా పేరు వరహాలమ్మ. పేరు విని పసుపు కొట్టుకునే ముత్తయిదువ అనుకుని మోసపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. కిరండూల్ టౌన్‌షిప్‌లో పుట్టి, మా నాన్న పనిచేసిన గనుల వర్క్‌షాపులో బండ్ల మధ్య పెరిగాను. ఇప్పుడు యాక్సిడెంట్ల వెనక నిజం తవ్వితీయడం నా పని. జగదల్‌పూర్ భానుప్రసాద్ పనీ అదే. అతన్ని బీమా వాళ్లు పంపారు. నన్ను సతీష్ తల్లి రామతులసి పంపింది. కిరండూల్ దాకా వచ్చి నా చేతులు పట్టుకుని, "నా కొడుకు అట్లాంటోడు కాదమ్మా" అంటూ ఏడ్చింది.

నిన్న సాయంత్రం నేను ఈ గ్యారేజీకి చేరాను. చేరిన కాసేపటికే వెనక వాగు రోడ్డెక్కింది. ముందు వాగు అప్పటికే ఎక్కి ఉంది. ఫోన్లో సిగ్నల్ లేదు. రేకుల షెడ్డులో నేను, భానుప్రసాద్, సతీష్, గ్యారేజీ మెకానిక్ సన్యాసిరావు, రాఘవులు భార్య దుర్గమ్మ మిగిలాం. ట్రక్కులోంచి దించిన లక్క బస్తాల పక్కన దుర్గమ్మ అన్నం పెట్టడానికి తప్ప నిన్నటినుంచి కదలకుండా కూర్చుని ఉంది. ఎడమచేతి రెండు వేళ్లు వంకరగా అతికాయి. రాత్రి అన్నం పెడుతుంటే చూసి అడిగాను. లక్క దంచుతుంటే రోకలి పడిందని చెప్పింది. ఆమె ఆ మాట చెబుతున్నప్పుడు సతీష్ తలొంచుకున్నాడు.

నేను సతీష్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"మొదటినుంచి చెప్పు. పనికిరాదనుకున్నది కూడా వదలకు."

"పొద్దుగాల బండి తీసినం మేడం, గీదం మార్కెట్‌కు. ముందు దినమే సన్యాసిరావన్న సర్వీసు చేసి పంపిండు. నిలబెడితే ఐడ్లింగ్ మస్తుగుండె, పిల్లి గురక పెట్టినట్టు. దుర్గమ్మమ్మ బానెట్ లేపి ఇంజిన్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. గ్యారేజీ కెళ్లి బండొస్తే అమ్మ చెయ్యి పడందే కదలనియ్యరు."

"రాఘవులు తన బండి ఎవరి చేతికీ ఇవ్వడని, తనే నడుపుతాడని విన్నానే?"

"ఇయ్యడు. ఆ దినం సేటుకు జరమొచ్చి ఉండె. బండి కదిలే టైముకు నన్ను పిలిచిండు. అమ్మ ఎక్కొద్దనె, గోదాముల పనున్నదని. సేటు వింటడా? ఆమెను తిట్టి నన్ను ఎక్కించిండు."

"తర్వాత?"

"గుట్ట మీద అమ్మవారి రాయి కాడ ఆపిన, రూపాయి ఏసేటందుకు. అందరం ఆపుతం. ఇంజిన్ బంద్ చెయ్యం, చేస్తే అమ్మవారికి కోపమంటరు. గక్కడ అరిచుడు సురువైంది మేడం. కాలు తీసినా రేసు దిగలె. బండంత గడగడ వణికింది. పెట్రోలు కాలవెడుతున్నవని సేటు తిట్టిండు. దిగుడుల మొదటి బ్రేకు పడ్డది. రెండోది పడ్డది. మూడోసారి తొక్కితే రాయి. పెడల్ కాదది, రాయే."

"గేరు దించలేదా?"

"దించవోతే పడలె. ఎడమదిక్కు మట్టికట్టకు రాపిచ్చి ఆపుదామని తిప్పిన. కట్ట అయిపోయి మోరీ తగిలింది. సేటు కూసున్న దిక్కే..." అని ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుందామన్నా చేతులు కట్టేసి ఉన్నాయి.

భానుప్రసాద్ నవ్వాడు. "విన్నారా? బ్రేకు ఫెయిలైతే పెడల్ సర్రున లోపలికి పోతుంది. వీడేమో రాయిలా బిగిసిందంటాడు. అబద్ధమైనా తిన్నగా ఆడడం రాదు వెధవకి."

"నువ్వు పెడల్ తొక్కి చూశావా?"

"చూశాను. గట్టిగానే ఉంది. ఇంజిన్ ఆగి ఉంటే ఈ బండ్లన్నీ అంతే."

"ఇంజిన్ నడుస్తుంటే?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

మిలటరీ వేలంలో కొన్న పాత పెట్రోల్ ట్రక్కు అది. ఎడమవైపు మూతి నలిగిపోయినా ఇంజిన్‌కి దెబ్బ తగల్లేదు. సన్యాసిరావు సెల్ఫ్ కొట్టాడు. రెండుసార్లు దగ్గి అంటుకుంది, అంటుకోగానే కేకలు పెట్టింది. యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేదు. అయినా రేసు పైన ఉంది, మధ్యలో తడబడుతోంది, మళ్లీ లేస్తోంది. రేకుల మీద వాన చప్పుడు కూడా వినిపించలేదు.

"ముసలి ఇంజిన్ అంతే," అని అరిచాడు భానుప్రసాద్.

ఆ మాట విని వదిలేస్తే నా వృత్తి మానేసి పకోడీలు వేసుకోవచ్చు. ఇంజిన్ ఊరికే అరవదు. పెట్రోలుతోపాటు ఎంత గాలి తాగాలో కార్బురేటర్ కొలిచి ఇస్తుంది. ఆ కొలత తప్పితేనే అరుస్తుంది.

ముందు చవక అనుమానాలు తీర్చుకున్నాను. ఐడ్లింగ్ స్క్రూ మీద పాత మట్టి అలాగే ఉంది, ఎవరూ తిప్పలేదు. యాక్సిలరేటర్ వైరు వదులుగా ఆడుతోంది, ఎక్కడా పట్టెయ్యలేదు. చోక్ పూర్తిగా తెరిచి ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీయించి, కార్బురేటర్ నోటిని నా అరచేత్తో సగం మూశాను. మామూలు ఇంజిన్ అయితే గుటకలు మింగి ఆగిపోవాలి. ఇది నెమ్మదించింది. వణుకు తగ్గింది, గొంతు దిగింది.

"సన్యాసిరావ్, చూశావా?"

"సూసేనమ్మా," అన్నాడతను. మొహం మాడిపోయింది. "ఎక్కడో దొంగగాలి తాగతంది."

"ఎక్కడో కనిపెడదాం. సబ్బునీళ్లు పట్రా."

కార్బురేటర్ అడుగున అతుకు చుట్టూ సబ్బునీళ్లు పోశాను. చిల్లి ఉంటే నీళ్లు లోపలికి లాక్కుని ఇంజిన్ గొంతు మారుతుంది. మారలేదు. కింద, ఇంజిన్‌కి గాలి పంచే మానిఫోల్డ్ గొట్టం అతుకుల మీద పోశాను. ఏమీ లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. మానిఫోల్డ్ నుంచి బ్రేకు బూస్టర్ డబ్బాకి వెళ్లే లావుపాటి రబ్బరు పైపు. పట్టకారుతో దాన్ని మానిఫోల్డ్ మొదట్లో గట్టిగా నొక్కాను.

కేకలు ఆగాయి. ఇంజిన్ పిల్లిలా గురక పెట్టింది. వాన చప్పుడు మళ్లీ వినిపించింది.

"ఇప్పుడు విను భానుప్రసాద్," అన్నాను. "ఇంత బరువు బండిని డ్రైవరు కాలొక్కటే ఆపలేదు. ఇంజిన్ గాలి పీల్చే బలం ఈ పైపులోంచి బూస్టర్‌కి వెళ్లి కాలికి సాయం చేస్తుంది. పైపు తెగితే ఇటు ఇంజిన్ దొంగగాలి తాగి అరుస్తుంది, అటు బ్రేకుకి సాయం పోతుంది. డబ్బాలో మిగిలిన బలంతో రెండుసార్లు పడుతుంది. మూడోసారి రాయి. సతీష్ చెప్పింది అక్షరం పొల్లుపోలేదు."

పైపు ఊడదీసి తిరగేశాను. పైనుంచి కనబడని అడుగువైపు చక్కటి గాటు ఉంది. ముదిరి పగిలిన రబ్బరు వంకరటింకరగా చీలుతుంది. ఇది బ్లేడు గీసిన గీత. గాటు అంచుల్లో ఎర్రటి బంక ఎండి ఉంది. గోటితో గీకి వాసన చూశాను.

"లక్క," అన్నాడు సన్యాసిరావు నాకంటే ముందే.

"కోసి, లక్క కరిగించి పూశారు. చల్లని ఇంజిన్ మీద రాయిలా పట్టుకుంటుంది. అందుకే బయల్దేరినప్పుడు ఐడ్లింగ్ బాగుంది. గుట్ట ఎక్కేసరికి ఇంజిన్ కాలింది, లక్క మెత్తబడింది, ఇంజిన్ దాన్ని లోపలికి లాక్కుంది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. దిగేటప్పుడే పని. హంతకుడు గుట్టని బాగా ఎరిగినవాడు."

దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భానుప్రసాద్ మాత్రం లేచి నిలబడ్డాడు.

"చాలా బాగుంది మేడం. రాత్రంతా మీరు కూడా ఈ షెడ్డులోనే ఉన్నారు. పైపు కొయ్యడానికి మీకు బ్లేడు దొరకదా, లక్క దొరకదా? బస్తాలకి బస్తాలున్నాయి. వాడి తల్లి ఏడ్చింది, మీ మనసు కరిగింది. అంతేగా?"

నాకు ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ చెయ్యి మానిఫోల్డ్ మీద పెట్టి, పైపు ఊడిన రంధ్రంలోకి టార్చి వేశాను. "వచ్చి చూడు. లోపల లక్క తీగ సాగి, కాలి, నల్లబడి అతుక్కుంది. ఇంజిన్ వేడెక్కి నడిస్తేనే అది లోపలికి పోతుంది. యాక్సిడెంట్ అయ్యాక ఈ ఇంజిన్ ఇప్పటిదాకా స్టార్ట్ కాలేదు. నువ్వే చెయ్యలేదన్నావు."

అతను వంగి చాలాసేపు చూశాడు. భానుప్రసాద్ మొండివాడే గాని దొంగ కాదు. నిటారుగా నిలబడి, "రిపోర్టు ఆపుతాను," అన్నాడు. ఆ రెండు మాటలకి అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"ఆపడం కాదు. కోసిందెవరో తేలాలి," అంటూ నేను సన్యాసిరావు వైపు తిరిగాను. "ముందురోజు బండి నీ దగ్గరే ఉంది. ఈ చుట్టుపక్కల ఈ పైపు ఎందుకో తెలిసినవాడివి నువ్వొక్కడివే. నీ అరలో లక్క ముద్ద కూడా చూశాను."

"ట్యాంకీ సిల్లులకి లక్క రాత్తానమ్మా, ఇంజిన్ కాడ రాత్తానా? ఇంజిన్ ఏడి తగిల్తే కారిపోద్దని నాకు తెల్దా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నాను."

"ఈ పైపు సంగతి రాగవులు ఇంట్లో అందరికీ నానే సెప్పినాను. ఇది ఊడితే బ్రేకు పడదు, జాగర్తని," అన్నాడు మెల్లగా. "మీ నాన్నతో కలిసి పన్జేసినోణ్ణి. నన్నా తల్లీ అడగతన్నావు?"

ఆ మాటలో మొదటి సగం వినాల్సినంత శ్రద్ధగా నేను వినలేదు. మా గొడవ పట్టనట్టు దుర్గమ్మ లేచి వెళ్లి, షెడ్డు మూల దేవుడి పటం ముందు దీపం వెలిగించుకుని కూర్చుంది. ధూపంలాంటి వాసన, కాస్త చేదుగా, షెడ్డంతా వచ్చింది. భర్త పోయిన మనిషి, ఆమె దేవుడితో ఆమె మాట్లాడుకుంటోందనుకున్నాను.

మధ్యాహ్నానికి వాన ఆగింది. ముందు వాగు దిగి దారిలోని రాళ్లు బయటపడ్డాయి. పోలీసుల కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు. సతీష్‌నీ, పైపునీ నేనే చౌకీకి తీసుకెళ్తానన్నాను. భానుప్రసాద్ తన కారులో దుర్గమ్మని ఎక్కించుకుని వెనకాలే వచ్చి సాక్ష్యం చెప్తానన్నాడు. సతీష్ కట్లు నేనే విప్పాను. మణికట్లు నిమురుకుంటూ అతను ముందు వెళ్లి దుర్గమ్మ కాళ్లకి దండం పెట్టాడు.

"నీ అన్నం తిన్నోణ్ణి అమ్మా. సేటును నేను సంపలె."

ఆమె అతని తలమీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

నా జీపు దగ్గరికి వెళ్లేసరికి బానెట్‌కి కుంకుమబొట్టు, ముందు కడ్డీకి నిమ్మకాయ కనబడ్డాయి. నాకు ఇలాంటివి గిట్టవు. "ఎవరి పని ఇది?" అన్నాను.

"నేనే పెట్టిన అమ్మా," అంది దుర్గమ్మ. "వాగు దాటుతున్నరు. గుట్టెక్కుతున్నరు. మంచిది గదా."

తన కష్టంలో ఉండి నా క్షేమం కోరిన మనిషిని ఏమనగలను? "నీ భర్తని చంపినవాణ్ణి వదలను దుర్గమ్మా," అని మాటిచ్చాను. ఆమె తలూపింది.

మా నాన్న వదిలివెళ్లిన పాత పెట్రోల్ జీపు నాది. ఆయన మోకాళ్లు పోయాక, బ్రేకు తేలిగ్గా పడాలని సన్యాసిరావే దానికి బూస్టర్ బిగించాడు. సెల్ఫ్ కొట్టగానే అంటుకుంది, ఐడ్లింగ్ చక్కగా ఉంది. వాగులో నీళ్లు చక్రం సగానికి వచ్చాయి గాని దాటేశాం. గుట్ట మొదలైంది. రెండో గేరులో, ఒక్కోచోట మొదటి గేరులో, ఇంజిన్ మూలుగుతూ ఎక్కింది. సతీష్ కిటికీలోంచి అడవిని చూస్తున్నాడు. తల్లి దగ్గరికి ఎప్పుడు పోవచ్చని అడిగాడు. రేపే వెళ్తావన్నాను. నాకూ సంతోషంగానే ఉంది.

గుట్ట మీద అమ్మవారి రాయి దగ్గర ఆపాను. నాకు నమ్మకం లేదు గాని సతీష్‌కి ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజిన్ ఆపకుండా, "వెళ్లి రూపాయి వేసిరా," అన్నాను.

అతను దిగబోతూ ఆగిపోయాడు.

నా కాలు యాక్సిలరేటర్ మీద లేదు. అయినా ఇంజిన్ గొంతు పెరిగింది. కాసేపు తడబడింది, మళ్లీ పెరిగింది. జీపంతా గడగడ వణకడం మొదలుపెట్టింది. ధూపంలాంటి చేదు వాసన వచ్చింది, పొద్దున షెడ్డులో దీపం దగ్గర వచ్చిన వాసన.

"మేడం," అన్నాడు సతీష్. పెదాలు తెల్లబడ్డాయి. "ఆ దినం గిట్లనే అరిచింది."

ముందు దిగుడు. ఆ దిగుడు చివర రాఘవులు పోయిన మోరీ. తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాను. చక్రాల కింద రాళ్లు పెట్టమని అరిచి, కిందకి దూకి బానెట్ లేపాను.

ఇంజిన్ మీద అందంగా పసుపు పూసి, కుంకుమ పెట్టి ఉంది. బూస్టర్ పైపు కింద వేలు పెట్టి తడిమాను. గాటు తగిలింది. వేడి లక్క వేలికి తీగలా సాగింది. ఆ వేలు బయటికి తీసి చూస్తే, ఎర్రటి లక్కలో పసుపు కలిసి ఉంది.

పసుపు పెట్టడానికి బానెట్ లేపితే ఎవరడుగుతారు? అందరి కళ్లముందు, పట్టపగలు, దండం పెట్టుకుంటూ కోయవచ్చు. సన్యాసిరావు పైపు సంగతి ఇంట్లో అందరికీ చెప్పానన్నాడు. బండి కదిలేముందు సతీష్‌ని ఎక్కొద్దన్న మనిషి ఒక్కరే. రోకలి పడితే ఒక వేలు నలుగుతుంది, రెండు వేళ్లు వెనక్కి విరగవు. పొద్దున దీపం మీద లక్క కరుగుతుంటే ధూపమనుకున్నాను. అన్నీ నా ముందే ఉన్నాయి. నేను మాత్రం మా నాన్న స్నేహితుణ్ణి నిలబెట్టి దొంగని చేశాను.

వెనకాల హారన్ వినిపించింది. భానుప్రసాద్ కారు వచ్చి ఆగింది. దుర్గమ్మ దిగింది. లేచి ఉన్న బానెట్‌ని చూసింది, నా వేలిని చూసింది. పారిపోలేదు. ఆ గుట్టమీద ఎటు పారిపోతుంది? అమ్మవారి రాయి దగ్గరికి వెళ్లి నేలమీద కూర్చుంది.

"వాగులయితే దిగుతయమ్మా," అంది నాతో. "ఇరవయ్యేండ్లు ఆ ఇంట్ల కూసున్న. ఒక్క దినం దారి తెరుచుకోలె. పుట్టింటోళ్లు తోలుకొచ్చి మళ్ల ఆయనకే అప్పజెప్పిరి. నేను తెరుసుకున్న దారి ఇదొక్కటే. దాన్ని నువ్వు ఎతికి పట్టుకుంటివి."

సతీష్ చేతిలో రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అర్థమయ్యాక చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అమ్మా, ఆ దినం నన్ను ఎక్కొద్దంటివి గదా?"

దుర్గమ్మ అతని మొహంలోకి చూడలేదు. వంకర వేళ్లతో కొంగు నలుపుకుంది.

"ఆ దినం ఎక్కొద్దంటి బిడ్డా," అంది. "ఇయ్యాల అనలేకపోయిన."